సారా మాన్పించిన అమ్మలది స్త్రీవాదమా, సంసారమా?

బెజవాడ పిల్ల:
మొన్న మా క్లాసులో సారా వ్యతిరేక ఉద్యమం మీద గంటన్నర గొడవ. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాజుకుని, 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చేదాకా నడిచిన ఉద్యమం అది. ఒకమ్మాయి అంది: "వాళ్ళు కోరుకుంది మొగుడు బాగుపడాలనే. ఇల్లాలిగానే పోరాడారు. అది స్త్రీవాదం ఎలా అవుతుంది?" నాకు జవాబు తోచలేదు. మీరేమంటారు?

అరుగు మీద అబ్బాయి:
ఇల్లాళ్ళే. అందులో తప్పేముంది? ఉద్యమాన్ని నడిపించిన దూబగుంట రోశమ్మ గారు, ఆమె వెంట నడిచినవాళ్ళు సిద్ధాంతాలు చదివి రాలేదు. కూలి డబ్బులు సారా ప్యాకెట్లకి పోతుంటే కడుపు మండి వచ్చారు. పోరాడింది కుటుంబం కోసం, కుటుంబం మీద కాదు. జెండాలు తగిలించింది తర్వాత పట్నం నుంచి వచ్చినవాళ్ళు.

కలిగిరి మనవరాలు:
జెండా తగిలించనిదెవరు అన్నా? 1994 ఎన్నికల్లో తెలుగుదేశం వాళ్ళు ఆడపడుచుల పేరు చెప్పి ఓట్లడిగారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు, 1997లో ఎత్తేశారు.

మా అమ్మమ్మది దూబగుంట వైపు ఊరే. అక్షరాస్యత ఉద్యమం రాత్రి బడిలో పలక పట్టిన బ్యాచ్. వాచకంలో తాగుబోతు మొగుడున్న సీతమ్మ కథ వస్తే, "ఇది మన కథే కదే" అనుకున్నారట. మామగారి ఎదుట కొంగు సర్దుకుని పక్కకి తప్పుకునే మనిషి, ఒకరోజు దుకాణం ముందు ఎదురింటాయన చేతిలో ప్యాకెట్ లాక్కుని, పళ్ళతో చింపి మట్టిలో పోసేసింది. ఆ రాత్రి ఇంట్లో గొడవ సారా గురించి కాదు. పరాయి మగాడి చెయ్యి పట్టుకున్నావని! ఇల్లాలు చెయ్యాల్సిన పనుల్లో ఇది ఎక్కడుందో చెప్పండి.

లెక్కల మాస్టారు:
అందరూ వేలంపాట సంగతి మర్చిపోతున్నారు. 'వారుణి వాహిని' పేరుతో సర్కారే సారాని ప్యాకెట్లలో సరఫరా చేసేది, అమ్ముకునే హక్కుని వేలం వేసేది. ఖజానాకి పెద్ద రాబడి. ఆడవాళ్ళు వెళ్ళి అడ్డం పడింది ఆ వేలానికే. పాట వాయిదా మీద వాయిదా పడింది. ఇంటి గొడవే అయితే మొగుణ్ణి తిట్టి ఊరుకునేవాళ్ళు. మంచినీళ్ళు సరిగా రాని ఊరికి సారా ఠంచనుగా ఎలా వస్తోందని నిలదీయడం రాజకీయం కాక మరేంటి?

అరుగు మీద అబ్బాయి:
సరే మాస్టారూ, వేలం విషయం ఒప్పుకుంటా. కానీ సారా పోతే సంసారం బాగుపడుతుందని నమ్మారుగా?

మొండి కోడలు:
నా పేచీ కూడా అక్కడే, కాకపోతే ఉద్యమంతో కాదు, దాన్ని మెచ్చుకునేవాళ్ళతో. 'తాగి కొడుతున్నాడు' అంటే ఊరు అయ్యో పాపం అంటుంది. 'ఊరికే కొడుతున్నాడు' అంటే సర్దుకుపొమ్మంటుంది. తాళి కోసం కోప్పడితే వీరనారి, తన కోసం కోప్పడితే గయ్యాళి. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇచ్చే సవరణ మన రాష్ట్రంలో 1985లోనే అమల్లోకి వచ్చింది (అప్పటికి పెళ్ళికాని వాళ్ళకి). ఆ వాటా అడిగిన పిల్లకి ఏ ఊళ్ళో దండలేశారు?

కలిగిరి మనవరాలు:
అక్కా, మీరు రాసింది అమ్మమ్మకి చదివి వినిపించా. కాసేపు ఏం మాట్లాడలా. తర్వాత, "తాగకుండా కొట్టేవోణ్ణి ఏం చెయ్యాలో ఆ పుస్తకంలో రాయలా" అంది.

బెజవాడ పిల్ల:
అబ్బా! మరి మీ అమ్మగారికి వాటా ఇచ్చారేమో అడగండి.

కలిగిరి మనవరాలు:
అడిగా. పెద్ద మామయ్య పక్కనే ఉన్నాడు, తర్వాత చెప్తానంది.