కబడ్డీ పోటీకి రుసుముగా బియ్యం తీసుకోవచ్చా?

కూతగాడు, తెనాలి: సంక్రాంతికి మా పేటలో కబడ్డీ పోటీ పెడుతున్నాం. ఈసారి జట్టుకో 25 కిలోల బియ్యం బస్తా అడిగి వృద్ధాశ్రమానికి ఇద్దామని కుర్రాళ్లంటున్నారు. పెద్దలేమో డబ్బే తీసుకోమంటున్నారు. మీరేమంటారు?

వంటమేస్త్రి: బియ్యమే తీసుకోండి, కానీ కుట్టు విప్పని బస్తా అయితేనే. ఇంటింటా గిన్నెడు పోయించుకుంటే పాతవీ కొత్తవీ కలిసిపోతాయి. కొత్తవి ముద్దవుతాయి, పాతవి పలుకుగానే ఉంటాయి. ఒకే గుండిగలో వండి చూడండి, నా బాధ తెలుస్తుంది! ముందు ఆశ్రమంలో వండే ఆవిడను అడగండి. పండగకు బియ్యం అందరూ ఇస్తారు. నూనె, కందిపప్పు ఎవరికీ గుర్తుకు రావు.

లెక్కల మాస్టారు: హైదరాబాద్‌లో 2014లో మొదలైన రైస్ బకెట్ ఛాలెంజ్ (పేదలకు బకెట్ బియ్యం ఇచ్చి, మిగతావాళ్లనూ ఇమ్మని సవాలు విసరడం) కూడా ఇలాంటిదే. డబ్బు వస్తే అన్న క్యాంటీన్లకు ఇవ్వవచ్చు. 2024 ఆగస్టులో మళ్లీ తెరిచారు, పూట భోజనం 5 రూపాయలే. విరాళాలు తీసుకుంటారు.

కూతగాడు, తెనాలి: ఆశ్రమంలో అడిగి వచ్చాం. నూనె డబ్బాలే కావాలన్నారు! రుసుము అదే ఖాయం చేశాం. ఓడిన జట్లే డబ్బాలు మోసుకెళ్లి దించి రావాలట. ఇక చూడండి పట్టు!