సెక్యులర్ అంటే లౌకికమా, లౌక్యమా?

మర్రిపాలెం_కుర్రోడు:
ఆదివారం పెదనాన్న ఇంట్లో భోజనాల దగ్గర ఒక్క మాట మీద గంట గొడవ. మనది సెక్యులర్ దేశం కదా, మరి సింహాచలం అప్పన్న భూములూ హుండీ లెక్కలూ దేవాదాయ శాఖకెందుకని నేనన్నాను. "సెక్యులర్ కాబట్టే చూస్తోందిరా" అన్నారు పెదనాన్న. బావేమో, అసలా మాట రాజ్యాంగంలో లేనే లేదు, 1976లో ఇరికించారని లేచాడు. పెద్దమ్మ పులుసు వడ్డిస్తూ, "లౌకికం అంటే లౌక్యమే కదా, మీ ముగ్గురికీ లేనిదదే" అంది. ఎవరిది రైటు?

బీచ్‌రోడ్డు_బండి:
పెద్దమ్మది.

పాత_పోస్టాఫీసు:
మీ బావది సగమే రైటు గురూ. పీఠికలోకి ఆ మాట 1976లో 42వ సవరణతో వచ్చిన మాట నిజమే, సోషలిస్టు కూడా అప్పుడే చేరింది. కానీ ఆర్టికల్ 25లో సెక్యులర్ అనే మాట 1950 నుంచీ ఉంది, అర్థమే వేరు. మతాచారాలతో ముడిపడ్డ డబ్బు, రాజకీయం లాంటి లౌకిక వ్యవహారాలను ప్రభుత్వం చట్టం చేసి అదుపు చేయొచ్చని అందులో ఉంది. అంటే అర్చన ఎలా చేయాలన్నది కాదు, కౌలు ఎంతొచ్చింది, ఎక్కడికి పోయిందన్నది. మీ పెదనాన్న ఆ అర్థం పట్టుకున్నారు, మీరు పీఠికలోది పట్టుకున్నారు, ఇంక గంటేమిటి, రాత్రంతా కొట్టుకున్నా తెగదు. అన్నట్టు హిందీ పీఠికలో ఉన్నది ధర్మ నిరపేక్ష్ కాదు, పంథ్ నిరపేక్ష్, అంటే ధర్మానికి కాదు, మతశాఖలకు అతీతమని. అదింకో గొడవ.

గాజువాక_గళం:
పీఠికలోదానికి మాత్రం ఒకే అర్థం ఉందా ఏంటి? ఫ్రాన్స్‌లో 1905 చట్టం, ప్రభుత్వం ఏ మతానికీ గుర్తింపూ జీతమూ ఇవ్వదంది. మనవాళ్లనడిగితే విశాఖ పోర్టు దగ్గర మూడు కొండలు చూపిస్తారు, ఒకదాని మీద వెంకన్న గుడి, ఒకదాని మీద దర్గా, రాస్ హిల్ మీద చర్చి. అది అందరికీ దండం పెట్టడం. అక్కడిదేమో ఎవరికీ పెట్టకపోవడం. నాకు మన పద్ధతే ఇష్టం, కానీ రెంటికీ ఒకే మాట వాడితే టీవీ డిబేట్ అవక ఏమవుతుంది!

బీచ్‌రోడ్డు_బండి:
సరే, జోకులు పక్కన పెడదాం. గుడికి దేవాదాయ శాఖ, వక్ఫ్‌కి బోర్డు ఉన్నాయి, మరి చర్చికి అలాంటిదేదీ లేదేం?

పాత_పోస్టాఫీసు:
అడగాల్సింది అదీ. అలా నేరుగా అడిగితే జవాబు దొరుకుతుంది. "ఇదేం సెక్యులరిజం" అని మొదలుపెడితే తిట్లే.

మర్రిపాలెం_కుర్రోడు:
ఆర్టికల్ 25 ఫ్యామిలీ గ్రూపులో పెట్టా. "నేను చెప్పిందిదే" అని పెదనాన్న వాయిస్ మెసేజ్. బావ ఇప్పుడు సోషలిస్టు మీద పడ్డాడు.