‘అడిగిన’లో ‘న’ పొట్టిదా, పొడుగుదా?

దేవరకొండ ఆడబిడ్డ:
మొన్న నల్లగొండల మావోళ్ల పెండ్లి. మా చిన్నోడు పట్నంల కొలువుకు చేరి ఆర్నెల్లయింది. బంతిల కూసున్నప్పుడు మా పెద్దనాయిన "ఏం జేస్తున్నవ్ బిడ్డా?" అని అడిగిండు. "సాఫ్ట్‌వేర్ల ఉన్న తాతా" అన్నడు మావోడు. "గదేందో నాకెర్కలే. ఎవల దగ్గర?" అని మళ్ల అడిగిండు. మావోడు కంపెనీ పేరు చెప్పిండు. "అంటే జీతానికున్నవ్" అని కొంచెంసేపు ఊకున్నడు. తర్వాత కండ్లు మూసుకొని ఓ పద్యం ఎత్తుకున్నడు. వడ్డించేటోళ్ల లొల్లిల నాకు సగమే ఇనబడ్డది: "...జీతం బియ్యని మిడిమేలపు దొరను గొల్చి..." ఆఖరుకు "మడి దున్నుక బ్రతుకవచ్చు".

సుమతీ శతకం పద్యమే, అందరికీ ఎరుకే. నా అనుమానం మొదటి మాట మీద. బడిల నేను ‘అడిగిన’ అని చదివిన. ఆయన ‘అడిగినా’ అని గట్టిగ దీర్ఘం తీసిండు. ఏది సరి? అర్థం మారిపోతది గద.

ఇంకోటి. "జీతానికున్నవ్" అన్న మాట మావోనికి గుచ్చుకున్నది. ఇంటికొచ్చినంక గూడ "నేను పనిచేస్తున్న, జీతానికుండుడేంది?" అని అడుగుతున్నడు. ఏం చెప్పాల్నో తోచలేదు.

నల్లగొండ తెలుగు పంతులు:
ఇందులో చర్చకు తావు లేదమ్మా. ఛందస్సే తీర్పు చెప్తుంది.

అడిగిన జీతం బియ్యని
మిడిమేలపు దొరను గొల్చి మిడుకుట కంటెన్
వడిగల యెద్దుల గట్టుక
మడి దున్నుక బ్రతుకవచ్చు మహిలో సుమతీ

ఇది కంద పద్యం. మొదటి పాదంలో మూడు గణాలు, అంటే అక్షరాల గుంపులు. ‘అడిగిన’ నల, ‘జీతం’ గగ, ‘బియ్యని’ భ. అన్నీ నాలుగేసి మాత్రలు; పొట్టి అక్షరం (లఘువు) ఒక మాత్ర, పొడుగుది (గురువు) రెండు. ‘అడిగినా’ అంటే అయిదు మాత్రలైతయి, కందంలో ఆ గణానికి చోటే లేదు. కాబట్టి ‘న’ పొట్టిదే. ముప్పయ్యేండ్లు ఈ పద్యం చెప్పిన, ఒక్క పిల్లవానితో దీర్ఘం పలికించలేదు.

మక్తల్ మనిషి:
సార్, పొట్టిదే, ఒప్పుకుంటున్న. కాని అక్క అడిగింది అర్థం. పొట్టి ‘న’కు గూడ రెండర్థాలున్నయి. ‘అడిగిన జీతం’ అంటే నేను నోరు తెరిచి అడిగిన మొత్తం. పది బస్తాలడిగితే ఏడు ఇచ్చే దొర. ‘అడిగినన్’ అనుకుంటే, అడిగినప్పుడు గూడ చెయ్యి ఇదల్చని దొర. మొదటోడు పిసినారి, రెండోడు ఎగవేతదారు. ఇద్దర్నీ ఒక్క గాటికి కట్టేస్తే ఎట్ల?

మా పాలమూరోళ్లకు రెండోడే బాగ తెలుసు. గుంపు మేస్త్రీ వచ్చి ముందుగాల అడ్వాన్సు చేతుల పెడతడు. ఆ పైసలు ఇంటి బాకికో పిల్ల పెండ్లికో పోతయి. ఇంక ఎక్కడ కట్ట పడితే అక్కడికి, ఎక్కడ కాలువ తవ్వితే అక్కడికి. నెలలు గడిచినంక లెక్క అడిగితే "అడ్వాన్సు ఇంక తెగలే" అంటడు. మా ఊర్ల ఎవన్నన్న "మీ నాయిన ఏం జేస్తడు?" అని అడిగితే పని పేరు చెప్పరు. "బతుకబోయిండు" అంటరు, అంతే. గా ఒక్క మాటలనే ఊరు, పని, మేస్త్రీ, బాకి అన్నీ ఉంటయి. పద్యంల "బ్రతుకవచ్చు" అని ఇంటే నాకు అదే యాదికొస్తది. పద్యంల ఇంటికాడ ఉండి బతుకుడు, మా దగ్గర ఇల్లిడిసి బతుకబోవుడు.

నల్లగొండ తెలుగు పంతులు:
తమ్మీ, ‘అడిగినన్’ అంటే ద్రుతం, అంటే మాట చివర ‘న్’, ఉండాలె. "అడిగినన్ జీతంబు" అని ద్రుతం నిలబెడితే ‘న’ గురువైతది, మళ్ల గణం చెడుతుంది.

మక్తల్ మనిషి:
ద్రుతం ప్రతి చోటా నిలబడాలని ఏముంది సార్? జారిపోయిన ద్రుతాలు పద్యాలల్ల ఎన్ని లెవ్వు? మీ బడి తాత్పర్యంల గూడ "అడిగినప్పుడు జీతం ఇవ్వని" అనే రాస్తరు. అది నా అర్థమే.

నల్లగొండ తెలుగు పంతులు:
"తాను అడిగినంత" అని చెప్పే వాండ్లు గూడ ఉన్నరు. తాత్పర్యం రాసినాయన పద్యం రాసినాయన కాదు.

పోచంపల్లి మగ్గం:
ఛందస్సు నాకు అంతగా రాదు. మాట మీద మాత్రం చెప్పగలను. ఈ పద్యంల ‘జీతం’ అన్న మాట మా ఇండ్లల్ల పలకదు. మేం మజూరి అంటం. షావుకారు నూలు ఇస్తడు, మేం చీర నేసిస్తం, చీరకింత అని మజూరి. ఎవరన్న అడిగితే మా నాయిన "మగ్గం మీదున్న" అంటడు. "నేత పని చేస్త" అని ఆయన నోట ఎన్నడూ ఇనలేదు. మగ్గం మీదుండుడు, జీతానికుండుడు, రెండిట్లనూ ‘ఉండుడే’ ఉంది చూడుండ్రి.

ఇగ మా అమ్మ. చీరకు ఆసు పోసేది, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టు తిప్పేది, ఆమెనే. ఒక్క చీరకు నాలుగైదు గంటలు, చెయ్యి వేల సార్లు అటూ ఇటూ తిరగాలె, భుజం పట్టుకపోయేది. ఆలేరు దిక్కు చింతకింది మల్లేశం అన్న వాండ్లమ్మ బాధ చూసే లక్ష్మీ ఆసు యంత్రం చేసిండు, 2017ల పద్మశ్రీ గూడ వచ్చింది. గంత పని. కాని ఎవరన్న వచ్చి "నువ్వేం జేస్తవమ్మా?" అంటే మా అమ్మ జవాబు ఒక్కటే: "ఏం జేస్త, ఇంట్లనే ఉంట." ఈ జవాబు మీద గూడ ఎవరన్న ఇట్ల గణాలు కట్టి మాట్లాడితే బాగుండు.

హుజూర్‌నగర్ నుంచి:
ఒక్క అక్షరం గురించే కదా చర్చ, మా దిక్కు ముచ్చట చెప్తా. మా మేనత్తను జగ్గయ్యపేట ఇచ్చారు. ఓసారి మా నాయన ఆమె అత్తగారింట్లో "పిల్లోడికి సర్కారు నౌకరి వచ్చింది" అన్నాడు. అక్కడి పెద్దావిడ "అయ్యో, నౌకరుగా పెట్టారా?" అంది. మనకు నౌకరి అంటే ఉద్యోగం, వాళ్ల చెవికి నౌకరు అంటే ఇంట్లో పనివాడు. ఒక్క రి, ఒక్క రు. మా నాయన ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. ‘జీతం’ కూడా అంతే. అక్కడ పొలం పనికి ఏడాదికి మాట్లాడుకున్న మనిషిని పాలేరు అంటారు, జీతం నెల మొదట్లో వచ్చేది. మన దగ్గర ఆ మనిషే జీతగాడు. అందుకే అక్క కొడుక్కి ఒక రకంగా వినబడింది, తాత ఇంకో రకంగా అన్నాడు.

దేవరకొండ ఆడబిడ్డ:
హుజూర్‌నగర్ అన్నా, సరిగ్గ చెప్పినవ్. మావోనికి ఇదే చదివి ఇనిపించిన.

వనపర్తి వాసి:
అందరూ సుమతి దగ్గరే ఆగిపోయిన్రు. ఈ మాటను పోతన పేర చెప్పుకునే చాటువు, అంటే ఏ కావ్యంలనూ లేకుండ నోటి మీద నడిచే విడి పద్యం, ఇంతకన్న పదింతలు గట్టిగ అన్నది: కావ్యాన్ని దుర్మార్గులకిచ్చి ఆ కూడు తినే కంటె దున్నుకొని బతుకుడు మేలని.

బాల రసాలసాల నవపల్లవ కోమల కావ్యకన్యకన్
గూళలకిచ్చి యప్పడుపు గూడు భుజించుట కంటె సత్కవుల్
హాలికులైన నేమి? గహనాంతర సీమల కందమూల కౌ
ద్దాలికులైన నేమి నిజ దార సుతోదర పోషణార్థమై

ఎవరు అడిగినా పోతన "నేను కవిని" అని చెప్పేటోడు కాదేమో, "హాలికుణ్ణి" అనేటోడేమో అనిపిస్తది నాకు. నాగలి పట్టేటోణ్ణి, కాదంటే గుద్దలి పట్టి గడ్డలు తవ్వుకునేటోణ్ణి. బమ్మెర మట్టిల నిలబడి ఈ పద్యం చదువుకున్న రోజు నాకు ఏడుపొచ్చింది. మా తాత గూడ నాగలి మనిషే, అక్షరం రాదు. ఆయన్ని ‘హాలికుడు’ అని పిలిచిన పద్యం ఒకటుందని నాకు తెలిసేసరికి ఆయన లేడు.

నల్లగొండ తెలుగు పంతులు:
మంచి పద్యం ఎత్తినవ్. ‘గూళలు’ అని విడిగ అచ్చేసి, గూళ అంటే ఏందని నిఘంటువుల్లో వెతికేవాండ్లను చూసిన. అసలు మాట ‘కూళలు’, అంటే దుర్మార్గులు. ముందున్న ‘కన్యకన్’లో ద్రుతం వల్ల క వచ్చి గ అయింది. ఇగ ప్రాస చూడుండ్రి: బాల, గూళ, హాలి, ద్దాలి. ల పక్కన ళ. ప్రాసలో లళలకు ఆ చెలిమి ఉన్నది.

మక్తల్ మనిషి:
సార్, అక్కడ ద్రుతం పని చేసిందని మీరే అంటున్నరు. సుమతిల నా ద్రుతాన్ని మాత్రం లోపలికి రానిస్తలేరు!

నల్లగొండ తెలుగు పంతులు:
అక్కడ అది కండ్లకు కనబడుతున్నది తమ్మీ. నీది కనబడటం లేదు.

వనపర్తి వాసి:
చాటువు పోతనదే అంటరా, కాదంటరా?

నల్లగొండ తెలుగు పంతులు:
భాగవతంలో లేదు. కావ్యాన్ని రాజులకియ్యనని చెప్పే "ఇమ్మనుజేశ్వరాధముల" పద్యం భాగవతంలో ఉన్నది, అదీ ఇదీ ఒక్క గొంతే. నాకు అంతే చాలు.

దేవరకొండ ఆడబిడ్డ:
పెద్దనాయినకు ఫోన్ చేసిన. చెప్పింది చెప్పినట్టు రాస్తున్న.

"పొట్టిదో పొడుగుదో నాకెర్కలే. మా నాయిన దొర దగ్గర జీతమున్నడు. యాడాది జీతం అడిగితే ‘బాకి తీరలే’ అన్నడు. మళ్ల యాడాది అడిగిండు. అడిగినా ఇయ్యలే. మూడో యాడు మా నాయినకు జ్వరమొస్తె ఆయన తావుల నన్ను తోలిన్రు. నాకు మీసాలు గూడ రాలే. ఈ పద్యం మా ఊరి పంతులు అరుగు మీద చెప్పిండు. నేను ఇన్నప్పటి సంది అడిగినా అనే అంటున్న. పిల్లగాన్ని బాధపెట్టాలని అనలే. వాడు అడిగితే వాళ్ల దొర ఇస్తడా లేదా, గది తెలుసుకుందామని అడిగిన."

గిది ఇన్నంక మావోడు చాన సేపు మాట్లాడలే. తర్వాత తాతకు వాడే ఫోన్ చేసిండు. "నెల నెలా బ్యాంకుల పడుతున్నయి తాతా, అడగాల్సిన పని లేదు" అన్నడంట. "అయితె మంచిదే" అన్నడంట పెద్దనాయిన.

మక్తల్ మనిషి:
అక్కా, ఈ ఒక్క ముచ్చట చాలు. అడిగినప్పుడు గూడ ఇయ్యని దొర. అర్థం నేను చెప్పిందే.

నల్లగొండ తెలుగు పంతులు:
పెద్దాయనకు నా నమస్కారం చెప్పమ్మా. వెట్టిచాకిరి రద్దు చట్టం 1976లో వచ్చింది, ‘జీతముండుడు’ అన్న మాట మాత్రం ఆ తర్వాత ఎన్నేండ్లో బతికింది. నేను పాఠం చెప్పిన పిల్లల ఇండ్లల్లో విన్న. ఆయన అనుభవానికి ఎదురు చెప్పను. కాని రాగం తీసినప్పుడు అక్షరం సాగుతుంది, అది గొంతుది. రాతలో ‘న’ పొట్టిదే. పొట్టి ‘న’కు ‘తాను అడిగినట్టి’ అన్న అర్థమే తిన్నగా వస్తుందని ఇప్పటికీ అంటాను.

మక్తల్ మనిషి:
నేను గూడ ఇప్పటికీ కాదనే అంటున్న సార్.

అచ్చంపేట రైతు:
మీరందరు మొదటి పాదం దాటుతలేరు. నాకు మూడో పాదం మీద చిన్నప్పటి సంది అనుమానం. ‘వడిగల యెద్దులు’ అంటే వేగంగ నడిచే ఎద్దులు అని చెప్పిన్రు. దుక్కికి ఉరికే ఎద్దు ఎందుకు? సాలు వంకరపోతది, కర్రు రాయికి తగుల్తది. దున్నేటందుకు నిదానపు ఎద్దే కావాలె. ఎడ్లబండికైతే వడి కావాలె గని మడికి కాదు. ఈ కవి నాగలి పట్టిండా అసలు?

నల్లగొండ తెలుగు పంతులు:
అడిగిన, మిడిమేలపు, మడి. ప్రాస కోసం ‘డ’ రావాలె. ఇంకే మాట పెడతవు?

అచ్చంపేట రైతు:
ప్రాస కోసం ఎద్దును ఉరికిస్తరా సార్? వడి అంటే బలం అని గూడ ఉండాలె. బలం ఉన్న ఎద్దు అనుకుంటే నాకు మడి సరిగ్గ దున్నినట్టుంటది. అక్కా, ఈసారి ఫోన్ చేసినప్పుడు ఆ పెద్దాయన్ని ఇదొక్కటి అడుగు. ఎద్దులు కట్టినోడు కాబట్టి ఆయనకెరుకుంటది.

దేవరకొండ ఆడబిడ్డ:
ఐతారం నేనే పోతున్న అన్నా. అడిగొస్త.