బ్రిడ్జ్ వేలంలో వన్ హార్ట్, వన్ స్పేడ్, టూ క్లబ్స్: ఇప్పుడు రెస్పాండర్ (వేలం మొదలుపెట్టిన ఓపెనర్‌కి పార్ట్‌నర్) పాస్ అనాలా, టూ హార్ట్స్ అనాలా?

ఇస్పేటు రాజు:
నిన్న రాత్రి ఆన్‌లైన్ బ్రిడ్జ్ టీమ్ మ్యాచ్‌లో జరిగిన సంగతి. నిద్ర పట్టక రాస్తున్నాను. నా చేతిలో ముక్కలు ఇవి:

స్పేడ్స్: రాజు, 10, 7, 5, 3
హార్ట్స్: రాణి, 6
డైమండ్స్: జాకీ, 8, 4
క్లబ్స్: రాణి, 9, 5

ఆసుకి 4, రాజుకి 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున మొత్తం 8 పాయింట్లు. పార్ట్‌నర్ వన్ హార్ట్‌తో (ఆరు మీద ఒకటి, అంటే హార్ట్స్ ట్రంప్‌గా ఏడు ట్రిక్కులు తీస్తామని) ఓపెన్ చేశారు. మేం ఐదు ముక్కల మేజర్ల పద్ధతి ఆడతాం, అంటే హార్ట్స్‌తో గానీ స్పేడ్స్‌తో గానీ ఓపెన్ చేస్తే అందులో కనీసం ఐదు ముక్కలుంటాయి. నేను వన్ స్పేడ్ అన్నాను, ఆయన టూ క్లబ్స్ అన్నారు. ప్రత్యర్థులు అసలు నోరు విప్పలేదు. క్లబ్స్ మూడున్నాయి, హార్ట్స్ రెండే ఉన్నాయి కదా అని పాస్ చేశాను.

డమ్మీగా నా ముక్కలు పరిచాక ఆయన చెయ్యి తెలిసింది. స్పేడ్స్‌లో ఒక్క 8. హార్ట్స్‌లో ఆసు, రాజు, 10, 8, 4. డైమండ్స్‌లో ఆసు, రాణి, 6. క్లబ్స్‌లో రాజు, జాకీ, 7, 3. మొత్తం 17 పాయింట్లు! తొమ్మిది ట్రిక్కులు తీశారు, 110 వచ్చింది. రెండో టేబుల్లో ఇవే ముక్కలు పట్టుకున్న అవతలి జట్టు త్రీ నో ట్రంప్‌కి (ట్రంప్ లేకుండా తొమ్మిది ట్రిక్కులు, పెద్ద బోనస్ ఇచ్చే 'గేమ్') వెళ్లింది. హార్ట్స్ 3-3గా పడ్డాయి, డైమండ్ రాజు కూడా అనుకూలంగా ఉంది. వల్నరబుల్ (గేమ్ బోనస్, ఓడితే జరిమానా రెండూ పెరిగే స్థితి) కాబట్టి వాళ్లకి 600. తేడా 490, అంటే 10 ఐఎంపీలు (టీమ్ మ్యాచ్‌లో స్కోరు తేడాని మార్చి లెక్కించే పాయింట్లు) పోయినట్టే. పార్ట్‌నర్ ఒక్క మాట అనలేదు, నాకు అదే ఎక్కువ బాధగా ఉంది.

టూ హార్ట్స్ అనాల్సిందని మా జట్టులో మిగతా ఇద్దరూ అంటున్నారు. రెండే ముక్కలు పెట్టుకుని హార్ట్స్ నచ్చాయని చెప్పడం అబద్ధం కాదా?

నాలుగో కుర్చీ:
కాదండి. ఇక్కడ టూ హార్ట్సే సరైన బిడ్. ముక్కలు లెక్కపెట్టే ముందు ఆయన టూ క్లబ్స్ అంటే ఎంత బలం ఉండొచ్చో చూడండి. 12 నుంచి 17 దాకా ఎంతైనా కావచ్చు. గేమ్ ఖాయం చేస్తూ త్రీ క్లబ్స్‌కి ఎగరాలంటే 18, 19 కావాలి. 17తో ఆయన చేయగలిగింది టూ క్లబ్స్ అని మీవైపు చూడటమే. మీరు పాస్ అంటే వేలం అక్కడితో ఆగిపోతుంది. టూ హార్ట్స్ అంటే ఆయనకి ఇంకోసారి మాట్లాడే అవకాశం దొరుకుతుంది. 13 ఉంటే హాయిగా పాస్ చేస్తారు. 17 ఉంటే టూ నో ట్రంప్ అంటారు, 6 నుంచి 9 చూపిన మీకు 8 ఉన్నాయి కాబట్టి త్రీ నో ట్రంప్ అంటారు.

కళావరు:
నేను ఒప్పుకోను. 17 పాయింట్ల చేతులు రోజూ రావు. ఓపెనర్‌కి ఎక్కువసార్లు ఉండేవి 12, 13, 14. వాటిలో కొన్నిసార్లు హార్ట్స్ ఐదు, క్లబ్స్ కూడా ఐదు ఉంటాయి. అప్పుడు క్లబ్స్‌లో ఇద్దరికీ కలిపి ఎనిమిది ముక్కల ఫిట్ వదిలేసి, ఏడు ముక్కల హార్ట్స్‌లో ఇరుక్కుంటాం. పైగా 16 ఉన్న ఓపెనర్ మీ టూ హార్ట్స్‌ని నమ్మి టూ నో ట్రంప్ అంటే, మీకు ఆరే ఉంటే కలిపి 22. ఎనిమిది ట్రిక్కుల కోసం చెమటలు పడతాయి. పోయిన గేమ్ అందరికీ గుర్తుంటుంది, ఇలా ఓడిన చిన్న కాంట్రాక్టులు ఎవరూ రాసిపెట్టుకోరు.

లెక్కల మాస్టారు:
క్లబ్స్‌లో ఐదుంటే మీ మాట నిజమే. కానీ ఎక్కువసార్లు నాలుగే ఉంటాయి. అప్పుడు 4-3, 5-2 రెండూ ఏడు ముక్కలే. 5-2లో పొడుగు ట్రంప్ చేతిలో ఐదుంటాయి కాబట్టి, వాళ్లు స్పేడ్స్ ఆడి ఒకసారి ట్రంప్ ఖర్చు చేయించినా నాలుగు మిగులుతాయి. 4-3లో అదే దెబ్బకి మూడే మిగులుతాయి, ప్రత్యర్థి దగ్గర నాలుగుంటే ఆట చేజారిపోతుంది. బయటున్న ఆరు ముక్కలు 4-2గా విడిపోయే అవకాశం దాదాపు 48 శాతం, 3-3కి 36 శాతమే. కాబట్టి ఆ నాలుగో ముక్క భయం సగం సార్లు నిజమవుతుంది.

స్కోరు చూడండి. ఎనిమిది ట్రిక్కులకి హార్ట్స్‌లో 110, క్లబ్స్‌లో 90. మ్యాచ్‌పాయింట్స్‌లో (అవే ముక్కలతో ఆడిన మిగతా జంటల స్కోరుతో పోల్చే పద్ధతిలో) ఆ 20 చాలు బోర్డు తారుమారు కావడానికి. క్లబ్స్‌లో 110 కావాలంటే ఇంకో ట్రిక్ ఎక్కువ తీయాలి.

కొత్త సభ్యుడు:
స్పేడ్స్ ఐదున్నాయి కదా, టూ స్పేడ్స్ అనకూడదా?

నాలుగో కుర్చీ:
వద్దండి. దానికి ఆరు ముక్కలు ఉండాలి. అవతల ఒక్కటే ఉండొచ్చని పైన చూశారుగా. టూ నో ట్రంప్‌కి 11 పాయింట్లు కావాలి. టూ డైమండ్స్ నాలుగో సూట్, అంటే ఓపెనర్‌ని తప్పకుండా మాట్లాడించే బిడ్. 8తో దాని జోలికి వెళ్లొద్దు. ఇక మిగిలేవి ఈ రెండే.

ఇస్పేటు రాజు గారూ, మీ 'అబద్ధం' మాటకి జవాబు ఇవ్వలేదు. ఇలా రెండు ముక్కలతోనే పార్ట్‌నర్ మొదటి సూట్‌కి తిరిగి రావడానికి ఫాల్స్ ప్రిఫరెన్స్ (ఉత్తుత్తి మొగ్గు) అని పేరు పెట్టడం వల్లే కొత్తవాళ్లు జంకుతారు. ఇందులో మోసం ఏమీ లేదు. మూడు ముక్కలూ 10, 11 పాయింట్లూ ఉంటే మీరు త్రీ హార్ట్స్ అంటారు. అంటే టూ హార్ట్స్‌కి అర్థం 'ఈ రెండిట్లో ఇటే ఆడదాం, రెండు ముక్కలే ఉండొచ్చు' అని. అది మీ పార్ట్‌నర్‌కి తెలియాలి, ప్రత్యర్థులు అడిగితే వాళ్లకీ చెప్పాలి. చెప్పి చేసేది అబద్ధం ఎలా అవుతుంది?

కళావరు:
8, 9 పాయింట్లకి మీ వాదన ఒప్పుకుంటున్నాను. ముఖ్యంగా ఇస్పేటు రాజు గారి చేతిలో హార్ట్ రాణి, క్లబ్ రాణి, రెండూ పార్ట్‌నర్ సూట్లలోనే ఉన్నాయి. ఆ 8 నిజంగా పనికొచ్చే 8. నేను అది సరిగ్గా చూడలేదు. కానీ 6 పాయింట్లు, అవీ స్పేడ్స్‌లో, డైమండ్స్‌లో ఉంటే పాసే. హార్ట్స్‌లో ఒక్కటే ఉంటే కూడా పాసే, అందులో చర్చే లేదు.

నాలుగో కుర్చీ:
ఒక్క హార్ట్ విషయంలో మనది ఒకే మాట. 6తో కూడా నేను హార్ట్స్‌కే వెనక్కి వస్తాను. టీమ్ మ్యాచ్‌లో వల్నరబుల్ గేమ్ వదులుకోవడం నా వల్ల కాదు.

ఇస్పేటు రాజు:
అందరికీ ధన్యవాదాలు. పొద్దున్నే పార్ట్‌నర్‌కి ఫోన్ చేశాను. ఇది మా ఒప్పందాల కాగితంలో రాసుకున్నాం: 7 నుంచి 9, హార్ట్స్ రెండు, క్లబ్స్ మూడు ఉంటే టూ హార్ట్స్. ఒక్క దగ్గర మాకూ తేలలేదు. హార్ట్స్ రెండు, క్లబ్స్ నాలుగు, 9 పాయింట్లు ఉంటే?

కళావరు:
త్రీ క్లబ్స్. ఒక పాయింట్ తక్కువైనా పరవాలేదు, ఎనిమిది ముక్కలు ఖాయం.

లెక్కల మాస్టారు:
మ్యాచ్‌పాయింట్స్ అయితే నేను అప్పుడూ టూ హార్ట్సే అంటాను. దీని మీద వేరే చర్చ మొదలుపెట్టండి, నా దగ్గర ఇలాంటి ముక్కలు పడిన ఆటలు రెండున్నాయి, పెడతాను.