కరెంటు పోగానే యూపీఎస్ ఒక్క బీప్ కొట్టి ఆగిపోతోంది: తప్పు బ్యాటరీదా, యూపీఎస్‌దా?

పేట_డీటీపీ

నమస్కారమండీ. నాది నరసరావుపేటలో చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, ఆన్‌లైన్ దరఖాస్తులు, అన్నీ ఒకే కంప్యూటర్ మీద. కరెంటు పోయినా కంప్యూటర్‌ని కాసేపు నడిపే బ్యాటరీ పెట్టె, 2019లో కొన్న 600 వీఏ యూపీఎస్ ఉంది. దాంతో వచ్చిన బ్యాటరీ నాలుగేళ్లకు పైనే ఏ గొడవా లేకుండా నడిచింది. 2024 జనవరిలో రెండోది వేయించాను. ఏడాదిన్నరకే ఇదీ పడిపోయింది.

మొన్న శుక్రవారం సాయంత్రం శ్రావణమాసం పెళ్ళి శుభలేఖ చేస్తున్నాను. పెళ్ళికూతురి తాతగారు ఎదురుగా కూర్చుని ఒక్కో పేరూ చెబుతున్నారు. కరెంటు పోయింది. యూపీఎస్ పొడుగ్గా ఒక బీప్ కొట్టింది, స్క్రీన్ నల్లబడింది. పేజ్‌మేకర్‌లో గంటసేపు కూర్చిన మ్యాటరంతా పోయింది. ఆయన "మళ్ళీ చెబుతాలేమ్మా" అన్నారు ఓపిగ్గా. నాకు మాత్రం కళ్ళనీళ్ళు తిరిగాయి.

బ్యాటరీ మార్చిన రెండు నెలలకి షాపులో ఇన్వర్టర్ పెట్టించాం. ఆ రోజు కూడా ఫ్యాను తిరుగుతూనే ఉంది, కంప్యూటర్ మాత్రం ఆగిపోయింది. ఇంకొకటి, కరెంటు ఉన్నప్పుడు కూడా సాయంత్రాలు యూపీఎస్ లోపల టక్కు టక్కుమని చప్పుడొస్తోంది. బ్యాటరీ అమ్మినతను పెట్టె పాతబడిపోయింది, కొత్తది కొనుక్కోండి అంటున్నాడు. నిజంగా కొత్తదే కొనాలా? ముహూర్తాలు మొదలయ్యేలోపు ఏదో ఒకటి తేల్చుకోవాలి.

గుంటూరు_అసెంబ్లింగ్

ముందు బ్యాటరీ తీసి చూడండి మేడమ్. పైన అతికించిన ప్లాస్టిక్ పట్టీ ఊడదీస్తే ఆరు రబ్బరు మూతలుంటాయి. సిరంజీతో ఒక్కో గదిలో నాలుగైదు మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ పోసి ఒక రాత్రి చార్జింగ్ పెట్టండి. నాకు ఒకటి అలా ఇంకో ఆరు నెలలు నడిచింది.

ఒంగోలు_సర్వీసు

అమ్మా, ఇరవై ఆరేళ్ళుగా యూపీఎస్‌లు, ఇన్వర్టర్లు బాగుచేస్తున్నాను. మీరు రాసిన దాంట్లో ఫ్యాను తిరుగుతూనే ఉంది అన్న మాట దగ్గర ఆగాను. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు బ్యాటరీ.

నీళ్ళు పోయొద్దు. పై తమ్ముడికి ఆరు నెలలు నడిచిందంటే నమ్ముతాను, ఎండిపోయిన బ్యాటరీలో కాస్త ఊపిరి వస్తుంది. కానీ లోపల సీసపు జాలీ తినేసుకుపోయి ఉంటే నీళ్ళు దాన్ని తిరిగి కట్టవు. ఇలాంటి బ్యాటరీ మీటర్‌లో మంచి వోల్టేజీ చూపించి లోడు పడగానే కూలిపోతుంది. ఎదురుగా మనుషుల్ని కూర్చోబెట్టుకుని చేసే పనికి అలాంటిదాన్ని నమ్ముకోవద్దు.

పరీక్ష ఇలా చేయండి. యూపీఎస్‌ని ఒక రాత్రంతా చార్జింగ్‌లో ఉంచండి. పొద్దున బటన్ ఆపి, గోడ ప్లగ్గు తీసేసి, అయిదు నిమిషాలు ఆగి కవర్ విప్పండి. ప్లగ్గు తీసినా బ్యాటరీ తగిలి ఉంటే, బటన్ నొక్కుకుపోతే యూపీఎస్ ఆన్ అవుతుంది, వెనక సాకెట్లలోకి 230 వోల్టులు వస్తాయి, మర్చిపోవద్దు. చేతి గాజులు, ఉంగరం తీసేయండి. ముందు నల్ల తీగ, తర్వాత ఎర్ర తీగ ఊడదీయండి. రెండు మూడు గంటలు పక్కన పెట్టి మీటర్‌తో చూడండి. బాగున్న బ్యాటరీ 12.8 దగ్గర ఉంటుంది. ఈ అంకె ఒక్కటే చూసి నిర్ణయానికి రావొద్దు. బైకులకీ కార్లకీ ఇండికేటర్లో వేసే 12 వోల్టుల 21 వాట్ల బల్బు ఒకటి తెచ్చి రెండు కొసలకీ తగిలించండి. అది ఒకటి ముప్పావు ఆంపియర్లు లాగుతుంది. మీది 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే బ్యాటరీలో పట్టే చార్జి కొలత) బ్యాటరీ అయ్యుంటుంది. బాగుంటే దాదాపు మూడు గంటలు వెలిగిస్తుంది. కొన్ని నిమిషాల్లోనే 11 కిందికి జారిపోతే ఇక దాని పని అయిపోయినట్టే.

పొట్ట ఉబ్బి పెట్టెలో ఇరుక్కుని ఉంటే స్క్రూడ్రైవర్ పెట్టి పెకలించొద్దు. రేకు విప్పి పక్కనుంచి జరపండి.

తర్వాత చార్జింగ్ వోల్టేజీ. కరెంటు ఉండగా కవర్ తీసి చూడాల్సిన పని కాబట్టి మీరు చేయొద్దు, ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. బ్యాటరీ తగిలి ఉన్నప్పుడు, చార్జింగ్ నిండాక 13.5 నుంచి 13.8 మధ్య ఉంటే మీ యూపీఎస్ ఆరోగ్యంగానే ఉన్నట్టు. 14.5 దాటి అక్కడే నిలబడితే మాత్రం ఎన్ని కొత్త బ్యాటరీలు వేసినా ఉడకబెట్టి ఎండగడుతుంది. అప్పుడు షాపతను చెప్పినట్టు పెట్టె మార్చాల్సిందే.

ఇప్పుడు అసలు మాట. ఆ ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌దా (మెట్లు మెట్లుగా ఎగిరి పడే కరెంటు ఇచ్చేది), సైన్ వేవ్‌దా (లైన్ కరెంటులా సాఫీ అలగా ఇచ్చేది)? యూపీఎస్ ప్లగ్గు దాని లైన్లోనే ఉందా? కరెంటు లేనంతసేపూ యూపీఎస్ బీప్ కొడుతూనే ఉండేదా? ప్రింటర్ కూడా యూపీఎస్‌కే పెట్టారా? యూపీఎస్ ఎక్కడుంటుంది? ఇవి చెప్పండి.

హైదరాబాద్_కోడర్

బ్యాటరీ బాగున్నా కంప్యూటర్ ఆగిపోవచ్చండీ. యూపీఎస్ బ్యాటరీ మీదికి మారడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది, ఆ కాసేపు ఎస్ఎంపీఎస్‌లో (సీపీయూ లోపల కరెంటు అందించే డబ్బా) ఉన్న కెపాసిటర్ తనలో దాచుకున్న కరెంటుతో మోయాలి. పాతబడితే మోయలేదు. నేను తేల్చుకున్న పద్ధతి: కంప్యూటర్ బదులు 60 వాట్ల మామూలు ఫిలమెంట్ బల్బు టేబుల్ లైటు యూపీఎస్‌కి పెట్టి గోడ స్విచ్ ఆపాను. బల్బు ఆరలేదు. అంటే నా తప్పు ఎస్ఎంపీఎస్‌లో ఉంది, అది మార్చాక సమస్య పోయింది.

ఒంగోలు_సర్వీసు

కోడర్ గారి మాట నిజం. అమ్మా, బల్బు పరీక్ష కూడా చేయండి.

పేట_డీటీపీ

అన్నయ్యా, ఆదివారం షాపు మూసి అన్నీ చేశాం. మా తమ్ముడు మోటార్లు చుడతాడు, మీటర్ వాడిదే, చార్జింగ్ కూడా వాడే చూశాడు. 13.6 ఉంది. కవర్ తీస్తే బ్యాటరీకి రెండు పక్కలా పొట్ట వచ్చింది, ఎర్ర కొస దగ్గర తెల్లటి పొడి. విడిగా పెట్టాక 12.5 చూపించింది. అది చూసి ఫర్వాలేదేమో అనుకున్నాను. మీరు చెప్పిన బల్బు తగిలించగానే 10.9కి పడింది, నాలుగో నిమిషానికి బల్బు ఎర్రగా మసకబారింది. టేబుల్ లైటు కూడా యూపీఎస్ మీద పది సెకన్లే వెలిగింది.

ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్. యూపీఎస్ ప్లగ్గు దాని బోర్డులోనే ఉంది. కరెంటు లేనంతసేపూ బీప్ వస్తూనే ఉండేది, అది మామూలే అనుకున్నాను. లేజర్ ప్రింటర్ కూడా యూపీఎస్ ఎక్స్‌టెన్షన్ బాక్సులోనే ఉంది. యూపీఎస్ బల్ల కింద, జిరాక్స్ మిషను వేడిగాలి వచ్చే వైపు. పైన రేకుల కప్పు.

ఒంగోలు_సర్వీసు

బ్యాటరీ పోయింది, యూపీఎస్ బతికే ఉంది. కొత్త పెట్టె కొనక్కర్లేదు.

రెండో బ్యాటరీని తినేసింది ఆ ఇన్వర్టర్ లైనే. మీ యూపీఎస్‌కి స్క్వేర్ వేవ్ మంచి కరెంటులా కనిపించడం లేదు, కరెంటు లేనట్టే లెక్కేసుకుని తన బ్యాటరీ మీదికి వెళ్ళిపోతోంది. ఆ బీప్ చెబుతున్నది అదే. ఫ్యాను ఇన్వర్టర్ మీద తిరుగుతుంటే, కంప్యూటర్ మాత్రం ఈ చిన్న బ్యాటరీ మీద నడిచింది. సీపీయూ, మానిటర్ కలిపి నూరు వాట్లు దాటితే 7 ఏహెచ్ కొత్తలో కూడా ఇరవై నిమిషాలు అటూ ఇటూ. కరెంటు పోయిన ప్రతిసారీ అట్టడుగుదాకా పిండారు. ఫైలు సేవ్ చేసుకుని ఆపుకోవడానికి చేసిన బ్యాటరీ అది, పూటకి పూట నడపడానికి కాదు. మొదటిది నాలుగేళ్లు నడిచిందంటే అప్పటికి ఇన్వర్టర్ లేదు, కరెంటు పోగానే సేవ్ చేసి ఆపేసి ఉంటారు కాబట్టి.

వేడి కూడా తోడయింది. ఈ బ్యాటరీల ఆయుష్షు 25 డిగ్రీల దగ్గర లెక్కగడతారు. అక్కడినుంచి సుమారు పది డిగ్రీలు పెరిగితే సగమవుతుంది. పల్నాడు ఎండ, రేకుల కప్పు, జిరాక్స్ ఊదే గాలి కలిస్తే దాని పరిస్థితి మీరే ఊహించండి. గాలాడే మూలకి మార్చండి. లేజర్ ప్రింటర్ ప్లగ్గు నేరుగా గోడ సాకెట్‌కి పెట్టండి. అందులో కాగితాన్ని కాల్చే రోలర్ వందల వాట్లు లాగుతుంది, 600 వీఏ యూపీఎస్ మోసేది మహా అయితే 360 వాట్లు.

యూపీఎస్ ప్లగ్గు ఇన్వర్టర్ తగలని నేరు లైనుకి మార్చండి. కరెంటు పోతే సేవ్ చేసి ఆపేయండి. కరెంటు లేకపోయినా పని సాగాలంటే, ఇన్వర్టర్ మార్చే రోజున సైన్ వేవ్‌ది తీసుకుని యూపీఎస్‌ని దాని మీద పెట్టుకోవచ్చు.

కొత్త బ్యాటరీ కొనేటప్పుడు తయారీ తేదీ చూడండి, షాపులోనే మీటర్ పెట్టండి. 12.6 కంటే తక్కువుంటే వద్దనండి, అది అల్మారాలో నెలల తరబడి చార్జింగ్ లేకుండా పడుందన్నమాట. పాతది అక్కడే ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయండి. లోపల సీసం, ఆసిడ్ ఉన్నాయి, చెత్తలో వేయకూడదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాలూ అదే చెబుతున్నాయి.

పేట_డీటీపీ

మూడు నెలల క్రితం తయారైంది దొరికింది, షాపులో 12.9 చూపించింది. రాత్రంతా చార్జింగ్ పెట్టి నిన్న పొద్దున గోడ స్విచ్ ఆపాను. కంప్యూటర్ కదల్లేదు. ఉండబట్టలేక పదకొండు నిమిషాలు అలాగే చూస్తూ కూర్చుని, ఇక చాలనిపించి మళ్ళీ స్విచ్ వేశాను. పెళ్ళివాళ్ళ కార్డు రాత్రే ప్రింటుకి వెళ్ళింది, తాతగారే వచ్చి ప్రూఫు చూశారు.

ఒక్కటే మిగిలింది అన్నయ్యా. సాయంత్రం ఆ టక్కు టక్కు ఇంకా వస్తూనే ఉంది.

ఒంగోలు_సర్వీసు

అప్పుడు సాకెట్లో వోల్టేజీ ఎంతుందో తమ్ముణ్ణి చూడమనండి.

పేట_డీటీపీ

ఏడింటికి 182. తొమ్మిది దాటాక 215. చప్పుడు కూడా ఆగిపోయింది.

ఒంగోలు_సర్వీసు

అయితే అది యూపీఎస్ లోపలున్న స్టెబిలైజర్ రిలే (తనంతట తానే మారే స్విచ్) అమ్మా. వోల్టేజీ పడినప్పుడు బ్యాటరీ జోలికి పోకుండానే పెంచి ఇస్తోంది. దాని పని అది చేస్తోంది. చప్పుడుతో పాటు బీప్ కూడా వచ్చిన రోజున మళ్ళీ రాయండి.