తమ్ముడి రిసెప్షన్‌కి ఆటపాటలు ఏం పెట్టాలి? కాస్త సలహా చెప్పండి

ప్రశ్న: పెళ్లికొడుకు అక్క, కావలి

అందరికీ నమస్కారం. మా తమ్ముడి పెళ్లి ఒంగోలులో, అమ్మాయి వాళ్ల ఊళ్లో. మూడో రోజు సాయంత్రం ఏడింటికి మా కావలిలో రిసెప్షన్. ఆరు వందల మంది వస్తారని లెక్క. అమ్మాయి తరఫు వాళ్లు బస్సులో వచ్చి, తొమ్మిదిన్నరకి మళ్లీ బస్సెక్కుతారు. ఈవెంట్ వాళ్లని అడిగితే డీజే, యాంకర్, డాన్స్ ట్రూపు, పొగ మిషను అన్నీ కలిపి ప్యాకేజీ చెప్పారు. డబ్బు సంగతి అలా ఉంచండి, మా నాన్నమ్మకి ఎనభై రెండేళ్లు, ఆ మోత తట్టుకోలేదు. పోయినేడు మా బంధువుల రిసెప్షన్‌లో జనం ఫొటో దిగారు, తిన్నారు, వెళ్లిపోయారు. వియ్యాలవారు ఒక మూల, మనవాళ్లు ఒక మూల. మా ఇంట్లో అలా జరగకూడదని నాకు గట్టిగా ఉంది. ఏ ఆటలు పెట్టమంటారు? ఎప్పుడు పెట్టాలి?

జవాబు: నెల్లూరు నుంచి, పన్నెండేళ్లుగా పెళ్లిళ్లలో మైకు పట్టుకుంటున్నాను

అమ్మా, ఏ ఆట అనేదానికంటే ముందు టైము లెక్క వేసుకోండి. ఆరు వందల మందంటే నూట యాభై కుటుంబాలనుకుందాం. ఒక్కో కుటుంబం స్టేజీ ఎక్కి, కవరు ఇచ్చి, ఫొటో దిగి, దిగిపోవడానికి నలభై సెకన్లు. మొత్తం వంద నిమిషాలు. జంట ఏడుంబావుకి కూర్చున్నా, ఆ క్యూ అయ్యేసరికి తొమ్మిది. అంతవరకు పెళ్లికొడుకునీ పెళ్లికూతుర్నీ ఏ ఆటకీ లేపడానికి కుదరదు. చాలామంది యాంకర్లు ఇది చూసుకోక క్యూ మధ్యలో ఆపి ఆట మొదలుపెడతారు. మెట్ల మీద నిలబడ్డ పెద్దవాళ్లు అలాగే నిలబడిపోతారు. చూడటానికే బాధగా ఉంటుంది.

అందుకని సాయంత్రాన్ని రెండు ముక్కలు చేయండి. తొమ్మిది దాకా కుర్చీల్లో ఉన్నవాళ్ల కోసం, తొమ్మిది నుంచి తొమ్మిదింబావు దాకా జంట కోసం. బస్సు వాళ్లు కూడా చూసి వెళ్తారు.

జంట ఆటలకి కొత్తవి వెతకనక్కర్లేదు. బిందెలో ఉంగరం తీయించండి. పెళ్లిలో ఆ తంతు జరిగేటప్పుడు చుట్టూ ఉండేది ఇరవై మందే, స్నేహితులెవరూ చూసుండరు. మూతి వెడల్పున్న ఇత్తడి బిందె తెప్పించండి. ఇద్దరి చేతులూ ఒకేసారి దూరకపోతే ఆట చెడిపోతుంది. పసుపు నీళ్లు వద్దు, పట్టు చీరకి మరకవుతుంది. మంచినీళ్లు పోసి పైన గులాబీ రేకులు చల్లితే ఉంగరం కనపడదు. మూడుసార్లు తీయించాలి. పక్కనే తువ్వాలు పెట్టుకోండి. ముఖ్యమైన మాట: వీడియో అతనికి ముందే చెప్పి కెమెరాని బిందె మీదకి పెట్టించి ఎల్‌ఈడీ తెర మీద చూపించమనండి. లేకపోతే నాలుగో వరుస దాటాక ఎవరికీ ఏమీ కనపడదు. తర్వాత పూలచెండ్లు ఆడించండి. చాలు.

పాటల విషయానికొస్తే, కీబోర్డు, తబలా, ఇద్దరు పాడేవాళ్లు ఉంటే హాలు నిండుతుంది. మన నెల్లూరు బాలు గారి పాటలు మొదలుపెడితే అరవై దాటినవాళ్లు కూడా కుర్చీ కదలరు, ఇది నేను ఎన్నోసార్లు చూశాను. డీజే కావాలంటే పిల్లల కోసం చివరి అరగంట పెట్టుకోండి. స్పీకర్లు స్టేజీకి రెండు పక్కలా పెడతారు కాబట్టి మొదటి వరుసలో కూర్చునే పెద్దల చెవుల్లోకే కొడుతుంది. మీ నాన్నమ్మగారిని ముందు కాకుండా మధ్య వరుసలో, నడవ పక్కన కూర్చోబెట్టండి.

జవాబు: ఒంగోలు నుంచి, రెండేళ్ల కింద పెళ్లయింది

అక్కా, ఆటల లిస్టు ముందు మీ మరదలికి చూపించండి. మా రిసెప్షన్‌లో యాంకర్ నా కళ్లకి గంతలు కట్టి, ఐదుగురు మగవాళ్ల చేతులు పట్టుకుని మా ఆయన ఎవరో చెప్పమన్నాడు. ముందు నాకొక మాట కూడా చెప్పలేదు. మూడో చెయ్యి పట్టుకున్నప్పుడు హాల్లో నవ్వులు వినపడ్డాయి, నాకు వణుకు వచ్చింది. మా అత్తగారే లేచి వచ్చి గంతలు విప్పారు. ఆ వీడియో ఇప్పటికీ నేను చూడలేదు. పిల్లలెప్పుడు, మొదటి రాత్రి లాంటి ప్రశ్నలు, బెలూన్లు ఒళ్లో పగలగొట్టే ఆటలు ఒద్దని యాంకర్‌కి కాగితం మీద రాసివ్వండి. నోటిమాటగా చెబితే మైకు చేతిలోకి రాగానే మర్చిపోతారు. మీ తమ్ముడికి కూడా ఇష్టమేనా అని అడగండి, అబ్బాయిలకీ సిగ్గుంటుంది.

జవాబు: కావలి నుంచే, మైక్‌సెట్టు పని చేస్తాను

రాత్రి పది దాటాక మూసి ఉన్న హాల్లో తప్ప బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు, 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉంది. పొద్దున ఆరు దాకా అంతే. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ వంద మీటర్లు సైలెన్స్ జోన్‌గా, అంటే మోత చేయకూడని చోటుగా, ప్రభుత్వం ప్రకటించి ఉండొచ్చు. మైకు పర్మిషన్ కోసం పోలీస్ స్టేషన్‌లో ముందుగానే అర్జీ ఇవ్వండి, మండపం వాళ్లు తీసుకుంటారులే అని వదిలేయొద్దు.

ఇంకో సంగతి. మా వాళ్ల పెళ్లికి ఒక హోటల్లో సినిమా పాటలకి లైసెన్సు ఫీజు కట్టాలని అడిగారు. కట్టక్కర్లేదు. 1957 కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్ పెళ్లి ఊరేగింపుకీ, పెళ్లికి సంబంధించిన వేడుకలకీ మినహాయింపు ఇచ్చింది. 2023 జులైలో కేంద్రం ఇదే మాట స్పష్టంగా నోటీసు ఇచ్చింది. అది ప్రింటు తీసి పెట్టుకోండి.

మళ్లీ అడుగుతున్నాను: పెళ్లికొడుకు అక్క

అందరికీ చాలా థాంక్స్. ఆ వంద నిమిషాల లెక్క నాకు తట్టనే లేదు. మరి తొమ్మిది దాకా కుర్చీల్లో వాళ్లకి ఏం పెట్టాలి? తంబోలా బాగుంటుందంటున్నారు. పిల్లలు కూడా ముప్పై నలభై మంది ఉంటారు.

జవాబు: నెల్లూరు, మైకు పట్టుకునే వ్యక్తి

తంబోలా మంచిదే, కూర్చున్నచోటే ఆడొచ్చు. 1 నుంచి 90 దాకా అంకెలు, టికెట్‌కి పదిహేను; మైకులో చదివిన అంకె తమ టికెట్ మీద ఉంటే కొట్టేసుకోవాలి. అంకెకి పది సెకన్లు పట్టినా పావుగంటలో అయిపోతుంది. ఎనిమిదింటికి పెట్టండి, మొదటి బంతి భోజనాలు చేసినవాళ్లు వచ్చి కూర్చుంటారు. టికెట్లు రెండు వందలు చాలు, డబ్బులు మాత్రం తీసుకోకండి. ఫాస్ట్ ఫైవ్ (ముందుగా ఐదు అంకెలు కొట్టేసినవాళ్లకి), టికెట్‌లోని మూడు వరుసలకి ఒక్కొక్కటి, ఫుల్ హౌస్ (టికెట్ మొత్తం అయినవాళ్లకి), మొత్తం ఐదు బహుమతులు. ఇద్దరు ఒకేసారి అరిస్తే ఇద్దరికీ ఇస్తామని ముందే చెప్పండి, గొడవ ఉండదు. ఉట్టి అంకె చదవకుండా ఇంటి సంగతి కలపండి: ‘పెళ్లికొడుకు వయసు, ఇరవై ఎనిమిది’ అన్నట్టు. బహుమతులుగా ఉదయగిరి చెక్క గరిటెల సెట్లు, మలైకాజా డబ్బాలు పెట్టండి. ప్లాస్టిక్ సామాను కంటే మర్యాదగా ఉంటుంది.

పిల్లలకి వరసల ఆట పెట్టండి. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. ఒక్కో కార్డు మీద ఐదు వరసలు రాయండి: పెళ్లికూతురి మేనమామ, పెళ్లికొడుకు పెద్దత్త, తోడికోడలు, ఇలా. కావలి పిల్లలు ఒంగోలు వాళ్లని, ఒంగోలు పిల్లలు కావలి వాళ్లని వెతికి సంతకం తేవాలి. పెద్దాయన అంత సులభంగా సంతకం పెట్టడు. ‘నువ్వు ఎవరబ్బాయివిరా’ అంటాడు, కళ్లజోడు తీసి తుడుచుకుంటాడు, వాళ్ల నాన్న పేరు అడుగుతాడు, ఇంటిపేరుతో సహా నిదానంగా రాస్తాడు. ఈలోపు ఆ పిల్లాడి తల్లి వచ్చి పలకరిస్తుంది. మీరు కోరుకున్నది అదే కదమ్మా.

పెళ్లికొడుకు అక్క, రిసెప్షన్ అయ్యాక

నిన్నటితో అయిపోయింది. క్యూ తొమ్మిదీ పదికి గానీ తెగలేదు, అందుకని పూలచెండ్లు ఆడించలేకపోయాం. ఉంగరం మూడుసార్లలో రెండుసార్లు మా మరదలే తీసింది. తంబోలాలో మైకు వెనక వరుసలకి సరిగా వినపడలేదు, అంకెని తెర మీద కూడా వేసుంటే బాగుండేది. మీరెవరైనా పెడితే అది చూసుకోండి.

వరసల కార్డులు మాత్రం ఇరవై నాలుగు పూర్తయి వచ్చాయి. ఒంగోలు నుంచి వచ్చిన ఏడేళ్ల పాప మా నాన్నమ్మ దగ్గర సంతకం తీసుకుని, కార్డు ఇచ్చేయకుండా పక్కనే కూర్చుండిపోయింది. బస్సు హారన్ కొట్టేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు.

తంబోలా టికెట్లు అరవై మిగిలాయి. కావలి చుట్టుపక్కల ఎవరింట్లోనైనా ఈ నెలలో పెళ్లి ఉంటే చెప్పండి, ఇచ్చేస్తాను.