అప్‌డేట్: పాపను ఈత క్లాసుకు పంపాలా వద్దా అని అడిగాను కదా

ఏప్రిల్‌లో అడిగాను, గుర్తుందో లేదో. ఎనిమిదేళ్ల పాపకు నీళ్లంటే భయం, మొదట చేర్చిన చోట కోచ్ రెండో రోజే లోతు వైపు తోసేశాడు, మాన్పించెయ్యనా అని. అక్కడ మాన్పించేశాం. కట్టిన డబ్బు తిరిగి రాలేదు, పోనీ.

మీలో ఒకరు చెప్పినట్టు మునిసిపల్ పూల్‌లో సమ్మర్ క్యాంపుకు మార్చాం. చేర్చేముందు నేను రెండు రోజులు ఊరికే గట్టు మీద కూర్చుని చూశాను. ఒక్కో కోచ్ దగ్గర ఎంతమంది పిల్లలున్నారు, గట్టు మీద లైఫ్‌గార్డ్ ఉంటున్నాడా, లోతు ఎంతో గోడ మీద రాసి ఉందా అని. మీరూ తప్పకుండా అలా చూడండి.

ఇక్కడ మేడం మొదటి నాలుగు రోజులు ఈత ఊసే ఎత్తలేదు. నడుములోతు నీళ్లలో మెట్టు పట్టుకుని, మొహం ముంచి బుడగలు ఊదించడమే. తరవాత వెల్లకిలా తేలడం, ఆ తరవాత కిక్‌బోర్డు, అంటే చేతులతో పట్టుకుని కాళ్లాడించే తేలే పలక. తల వెనక ఆవిడ చెయ్యి ఎప్పుడు తీసేసిందో పాపకే తెలియలేదు. తేలుతూ నన్ను చూసి నవ్వింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇప్పుడు పదిహేను మీటర్లు ఆగకుండా వెళ్తోంది. అయినా చెరువులు, కాలువల దగ్గరికి ఒంటరిగా పంపను. పూల్‌లో వచ్చిన ఈత అక్కడి లోతుకీ బురదకీ సరిపోదు. వచ్చే వారం బాబును కూడా చేరుస్తున్నాం.